అమ్మ కార్డులో రాసిన కారణం

ప్రొద్దుటూరు, బుధవారం

అన్న జీవన్ కుమార్‌కు వందనాలు.

నిన్న ఉదయం పదకొండుంబావుకు మన ప్రసన్న పాప రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. బి.ఆర్.సి.ఎ.2 జన్యువులో లోపం. చెల్లెలి రొమ్ము క్యాన్సర్‌కు మూలం అదేనట. మిగతావాళ్లం బాగున్నామో లేదో పరీక్షలే చెప్పాలి. ఫోన్ చేస్తే కట్ చేసి మెసేజ్‌లు పెడుతున్నావు. రేపు నీ దగ్గరికి కువైట్ వస్తున్న మన వీధి షోయబ్ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

'ఆ జన్యువు పనేంది?' అని అడిగావు. కణాల్లో డీఎన్ఏ తెగుతూనే ఉంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగితే, కణం అదే పాఠమున్న మరో నకలును ముందు పెట్టుకుని, పోయిన అక్షరాలు చూసి రాసుకుంటుంది. తెగిన చివరను ఆ నకలు దగ్గరికి చేర్చడంలో ఈ జన్యువు పని ఉంది. అది పాడైతే కణం చివరలను ఎలాగోలా అతికేస్తుంది. అక్షరాలు పోతాయి. తప్పులు పేరుకుంటే క్యాన్సర్.

'మగోళ్లకు యాడిదిరా ఆ రోగం' అనీ రాశావు. అమ్మకున్న లోపం మగా ఆడా చూడదు, మన ముగ్గురిలో ఎవరికైనా సగానికి సగం అవకాశంతో వస్తుంది. నీకుంటే నీ కూతురు షారోన్‌కూ అంతే. ఆమెకు చెప్పొద్దన్నావు. చెప్పాను. ఇరవై మూడేళ్ల మనిషి.

పన్నెండేళ్ల కింద అమ్మ పోయినప్పుడు జ్ఞాపకార్థ కార్డు నేను రాస్తుంటే, "గుండెపోటని రాయి. పాప హాస్టల్లో ఉండె, దానికేం తెలుసు? ఆ రోగం పేరేస్తే రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు?" అన్నావు. ఎవరికీ చెప్పనని బైబిల్ మీద నా చేయి పెట్టించావు. పులివెందులలో ప్రసన్న ఆ కార్డుకు ఫ్రేము కట్టించుకుంది.

నీకు తెలియనిది ఒకటుంది. పోయిన జూన్‌లో పాప డాక్టరు గదిలోంచి ఫోన్ చేసింది. "అన్నా, మనింట్లో ఎవురికన్నా రొమ్ము క్యాన్సర్ ఉండిందా అని అడుగుతాండారు."

"లేదు పాపా" అన్నాను.

కొవ్వు గడ్డేమోనని, ఆర్నెల్లకు రమ్మన్నారు. పాప మళ్లీ వెళ్లేసరికి ఎనిమిది నెలలైంది. అప్పటికి చంకలోకి పాకింది.

నిన్న పాప ముందు ఒప్పుకున్నాను. "పేపరోడివి. ఊరందరి తప్పులూ రాస్తావు. నాకు మాత్రం అబద్ధం అచ్చేసి ఇచ్చినావా? ఆ ఫ్రేము తీసుకపో" అనింది. తెచ్చాను.

వచ్చే శుక్రవారం తొమ్మిదిన్నరకు నేను రక్తమిస్తాను. ముందు నువ్వు చేయించుకుని, నీకు లేదని తేలితే, అమ్మ లోపం కోసం ఆ పిల్లకు సూదే అక్కర్లేదు. నువ్వు చేయించుకోనన్నావు. పదికి షారోన్ ఇస్తుంది.

ఆ ఆదివారం జమ్మలమడుగు చర్చిలో అమ్మ జ్ఞాపకార్థ కూడిక. కొత్త కార్డు నేనే చదువుతాను. కారణం: రొమ్ము క్యాన్సర్.

ఇట్లు,
నీ మాట విన్న తమ్ముడు,
దేవసహాయం