పెనం మీద పెట్టిన బిళ్ళ

పెర్త్,
1992 నవంబరు.

శ్రీవారికి మీ ఏసుమణి వందనాలు. మరియతల్లి దయవల్ల నేనూ అమ్మాయీ బాగున్నాం. మీ దగ్గు తగ్గిందని రాశారు గానీ అక్షరాలు వణికాయి. కషాయం తాగుతున్నారా, పారబోస్తున్నారా?

"మన షీనా యూనివర్సిటీలో కమ్మరిపని చేస్తోందా?" అని వెటకారంగా అడిగారు. చదివి వినిపిస్తే నవ్వి, నాకు తెలిసేలా చెప్పింది. నికెలూ అల్యూమినియమూ కలిసిన లోహమట. అందులో ఏ అణువు చోటు దానిదే, మన గుడిలో మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు కూర్చున్నట్టు. లోపలంతా గింజలు గింజలుగా ఉంటుందట. చిన్న బిళ్ళను రెండు దిమ్మెల మధ్య బిగించి, నొక్కుతూ మెలితిప్పితే ఆ గింజలు నలిగి సన్నమైపోతాయి, అణువులు చోట్లు మరిచి కలగలిసిపోతాయి. లోహం గట్టిపడుతుంది. కానీ పెళుసుది కదా, చాలా బిళ్ళలు మధ్యలోనే పగులుతాయట.

ఇక్కడి గుడిలోనూ అంతా కలిసే కూర్చుంటారండీ. నాకు మాత్రం పూజలో మగవాళ్ళ వైపు నుంచి మీ దగ్గు వినపడితే గానీ మనసు నిలవదు. పెళ్ళైన కొత్తలో కొంగు నెత్తిమీదికి సర్దుకునే వంకన అటు చూసేదాన్ని. మీరు చూడనట్టే ఉండేవారు.

ఇక దాచలేను. పోయిన శనివారం షీనాకు కంటికురుపు లేచింది. కాపడానికి నాణెం వేడిచేద్దామంటే ఇక్కడి వాటిమీద రాణిగారి బొమ్మ. ఆవిణ్ణి పెనం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. బల్లమీద నున్నటి బిళ్ళ కనపడింది, పెనం మీద వేశాను. ఏదో పనిలో పడి మరిచాను. పెనం పొగలు కక్కింది.

"మమ్మీ! పగలకుండా వచ్చింది అదొక్కటే! నా థీసిస్‌కి లాస్ట్ శాంపిల్!" అని పిల్ల నేలమీద కూలబడింది. నునుపు పట్టడానికి ఇంటికి తెచ్చుకుందట.

సోమవారం మైక్రోస్కోపు కింద చూసి వచ్చింది. "గింజలు సన్నగానే ఉన్నాయి. అణువులు మాత్రం మళ్ళీ వాటి చోట్లకి వెళ్ళిపోయాయి. ఇంక పనికిరాదు. మెషీన్ మీద నా టర్న్ ఈస్టర్ తరవాతే."

తిట్టలేదండీ. తిట్టినా బాగుండేది.

క్రిస్మస్‌కు వస్తావా అని అడిగారు. రాలేను. కొత్త బిళ్ళ చేతికి వచ్చేదాకా పిల్లను వదలలేను. మిమ్మల్ని అడక్కుండానే షీనాను టికెట్ మార్పించమన్నాను. "ఎందుకు, ఆ కొత్త బిళ్ళనీ వేయించడానికా?" అని అప్పుడు నవ్వింది. కోపముంటే నా మీద చూపండి, షీనా మీద వద్దు.

ఆదివారం పూజలో నా పక్క కుర్చీలో చేతిసంచి పెడుతున్నాను. ఎవరైనా ఉన్నారా అని దొరసాన్లు అడిగితే, ఉన్నారనే తల ఊపుతున్నాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
ఏసుమణి