నోటితో ఊదిన నాజిల్

అన్నా,

అమావాస్య నాడు మన ఊళ్లో ఎవరూ మడక కట్టి దున్నరు కదా, అందుకే ఇప్పుడు ప్రతి అమావాస్యకూ రైతులందరం పాలకేంద్రం దగ్గర కూడుతున్నాం. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి బీపీ చూస్తుంది. ఒంట్లో బాధలు, మనసులో బాధలు చెప్పుకుంటాం. అలవాటు కొద్దీ నేనింకా పక్కన నీకు చోటు వదిలే కూర్చుంటున్నాను.

నిన్న ఆమె, "పురుగుల మందు కొట్టేటప్పుడు పంపు నాజిల్ మూసుకపోతే నోటితో ఊదేటోళ్లు ఎంతమంది?" అని అడిగింది. అందరూ తలలు దించుకున్నారు.

"మా యన్న ఊదినాడు. ఆ రాత్రే వాంతులు పట్టుకున్యాయి. మళ్లా లేవలేదు," అన్నాను.

అప్పుడు ఒక్కొక్కరే చేతులెత్తారు. పాత పళ్ల బ్రష్షుతో నీళ్లలో ఎలా కడగాలో ఆమె చూపించింది. అంతే పని.

పక్క చేని ఓబులేసు నా భుజం తట్టి, "మంచి మాట చెప్పినావప్పా, శానామందికి పనికొస్తాది," అన్నాడు.

ఆ రోజు నువ్వు నాజిల్ కడగడానికి బోరు దగ్గరికి బయలుదేరితే, "యాడికి పోతాండావు? పొద్దు గూకుతాండాది, నోటితో ఊదెయ్యన్నా," అన్నది నేనే. అది మనిద్దరికే తెలుసు.

ఇప్పుడు నా ఒక్కడికే.