మిట్టల పొలంలో పధ్నాలుగో ఇల్లు

థోర్‌బీ పొలం, లింకన్‌షైర్,
ఆదివారం.

చిరంజీవి హెస్టర్‌ను దీవించి నాన్న రాయునది. ఇక్కడ మీ అమ్మ, నేను, గొర్రెలు అంతా కులాసా. కుంటి పొట్టేలు కనబడినవాళ్ళనల్లా కుమ్ముతోంది కనక అదీ కులాసాయే.

నీ ఉత్తరం అందింది. మన మిట్టల పొలం మీద నువ్వు రాసిన పుస్తకం శుక్రవారం అచ్చుకు పోతుందని మీ అమ్మ అప్పుడే ఊరంతా టముకు వేసేసింది. ఆరువందల ఏళ్ళ కిందట జనం విడిచిపోయిన పల్లె ఆనవాళ్ళు, ఆ గడ్డి మొలిచిన గట్లూ దిబ్బలూ, మాకు వట్టి గొర్రెల మేత. నువ్వు మాత్రం చిన్నప్పుడే "ఇది వీధి, ఇది వంటిల్లు" అంటూ ఆ గట్ల మీద గంతులేసేదానివి.

అడిగినవన్నీ చూసొచ్చాను. పొద్దుటి ఏటవాలు ఎండకి గట్లన్నీ గీత గీసినట్టు కనిపించాయి. అమ్మ బట్టలారేసే తాడుతో ఇళ్ళ దిబ్బలు కొలిచి, చీవాట్లు తిన్నాను. పదమూడింటికీ నీ లెక్క సరిగ్గా ఉంది.

ఇక చివరిది, నీ పటంలో పధ్నాలుగో ఇల్లు. అన్నిటికంటే ఎత్తుగా ఉంది కనక ఊరి పెద్దాయనది అయ్యుంటుందని రాశావు. ఇక్కడికొచ్చేసరికి కలం పక్కన పెట్టేశాను. మీ అమ్మ వెనకే నిలబడి, "ఇరవయ్యేళ్ళు నాన్చారు, చాల్లెండి. రాయండి మహానుభావా!" అంటోంది.

అది ఇల్లు కాదు తల్లీ. అక్కడున్నది నీ పొట్టి గుర్రం బటన్.

దాన్ని సముద్రం పక్కన ఎవరి పొలానికో పంపామని నీతో అబద్ధం చెప్పాం. నువ్వు అత్తయ్య ఇంట్లో ఉన్న వారంలో దానికి కడుపునొప్పి వచ్చి, ఒక్కరోజులో పోయింది. పక్క పొలం క్లెమెంట్ మట్టి తవ్వే యంత్రం తెచ్చి గొయ్యి తీసి, పూడ్చాక మిగిలిన మట్టంతా పైనే దిబ్బగా పోశాడు. ఏటా క్రిస్మస్‌కి బటన్ పేరుతో వచ్చిన కార్డులు నేను ఎడమ చేత్తో రాసినవే.

నిన్న చెబితే క్లెమెంట్ పడీ పడీ నవ్వాడు. "నేను తీసిన గొయ్యి పెద్దాయన ఇల్లయిందా! ఇంకో రెండు తీసుంటే కోట అయ్యేదిరా!" అన్నాడు. బటన్‌ని పూడ్చిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

నా అబద్ధం నీ పుస్తకంలోకి ఎక్కి, నువ్వు నలుగురిలో నవ్వులపాలైతే నేను తట్టుకోలేను. ఆ ఇల్లు కొట్టెయ్. కోపమొస్తే ఫోన్ చేసి తిట్టు, నేనే ఎత్తుతాను.

ఆ దిబ్బకి తూర్పున తలుపు సందులాంటి పల్లం ఉందా అని అడిగావు. ఉంది. అక్కడ మట్టి కుంగింది. బటన్ తల అటువైపే పెట్టించాను. నీ బడి బస్సు వచ్చేది ఆ దారినే కదా.

ఇట్లు,
ఎడమ చేత్తో ఇక రాయనని మాటిచ్చే
మీ నాన్న