పదిహేడు నిమిషాల ఎండ

ఏప్రిల్ 9, మధ్యాహ్నం ఒంటిగంట

మాడు పగిలే ఎండ. డాబా మీది ట్యాంకు కడిగాను. మోటారు వేసి, నిండేలోపు ఇది రాస్తున్నాను.

పైన కంకర కుప్పలో తీతువు గుడ్లు పెట్టింది. నాలుగు. అచ్చం కంకర రాళ్లే. మా ఆవిడ బట్టలు ఆరేయబోయి తొక్కినంత పని చేసింది. పిట్ట నెత్తిమీదికొచ్చి ఒకటే అరుపు. నా ఇంట్లో నన్నే తిడుతోంది, మీరేమో గుడ్లప్పగించి చూస్తున్నారు అని ఆవిడ నా మీద పడింది.

ఆ కంకర దొడ్లో బట్టలుతికే చోట పైకప్పు వేయించడానికి తెచ్చి, కింద చోటు లేక పైన పోయించాం. రెండేళ్లయింది.

కెమెరా దుమ్ము దులిపాను. మోటారు కట్టేశాను.

ఏప్రిల్ 12

ఎండ. మెట్ల గది తలుపుకి నూనె వేశాను, చప్పుడు కాకుండా.

నాది మోటారు వైండింగ్ షాపు. మధ్యాహ్నం మూసినప్పుడు దొరికేది ఈ ఎండే. పిట్టల ఫొటోలు ఉదయం వెలుగులో తీయాలని నా దగ్గరున్న పుస్తకంలో ఉంది. అది రాసినాయనకి షాపు లేదు. ఈ ఎండకి ఫొటోలో పిట్ట పొట్ట తెల్లగా మండిపోతోంది, తల నల్లటి మచ్చ. సున్నం డబ్బాలో పడినట్టుంది పాపం అంది ఆవిడ. ఎక్స్‌పోజర్ బాగా తగ్గించాక రెక్కల గోధుమరంగు, కంటి ముందు ఎర్రతోలు తేలాయి.

ఈ వేళప్పుడు అది గుడ్ల మీద కూర్చోదు. రెక్కలు కొంచెం విప్పి, నోరు తెరిచి రొప్పుతూ నీడగా నిలబడుతుంది. మధ్యమధ్య ట్యాంకు పొంగి నీళ్లు నిలిచే పల్లంలోకి వెళ్లి పొట్ట తడుపుకొచ్చి గుడ్లకి తాకిస్తుంది. ఆ తడి పొట్ట, చుక్క జారుతుండగా ఒక్క ఫొటో. అదొక్కటి చాలు నాకు.

ఇదంతా ఆవిడకి చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లకి మీరు గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది ఒక పిట్ట గురించా అంది. నవ్వింది కూడా.

మోటారు కట్టేశాను.

ఏప్రిల్ 13

ఎనభై ఆరు తీశాను. ఒక్కటీ లేదు. మోటారు కట్టేశాను.

ఏప్రిల్ 15, సాయంత్రం ఏడు

ఇవాళ బాగా దగ్గరికి వెళ్లాను. ఎనిమిది అడుగులు. అది లేచిపోయి పిట్టగోడ మీద నుంచి అరుస్తూ ఉంది. తిరిగొస్తుందని కాచుకుని కూర్చున్నాను, అరుపులన్నీ ఫొటోలు తీస్తూ.

ఇప్పుడు వరసగా పెట్టి చూస్తే ఫొటోల మీద టైము ఉంది. లేచింది 12:41. మళ్లీ గుడ్ల మీద నిలబడింది 12:58. పదిహేడు నిమిషాలు. ఆ వేళప్పుడు మెట్ల గది గొళ్లెం పట్టుకుంటే నా వేలు బొబ్బెక్కింది.

గుడ్లకేమైనా అవుతుందంటావా అని ఆవిడని అడిగాను. గుడ్డుకి వేడి తగిలితే ఏమవుతుందో వంటింట్లో ఉండేదాన్ని నన్నడుగుతారా అంది. తర్వాత మెట్లెక్కి ఒకసారి పైకి చూసొచ్చింది. నాకు భయం పట్టుకుంది.

ఏప్రిల్ 16

గుడ్లకి నీడగా పాత గొడుగు కట్టాను. పిట్ట దగ్గరికే రాలేదు. నాలుగు నిమిషాలు చూసి పీకేశాను. ఇక మెట్ల గది దాటి వెళ్లను.

ఏప్రిల్ 24

ఎండ. పల్లం ఎండిపోకుండా ట్యాంకు కాస్త పొంగనిచ్చి మోటారు కట్టేశాను.

బావమరిది మేస్త్రీ. రెండేళ్లకి తీరిక చేసుకుని, కప్పు వేస్తానని మనుషులతో దిగాడు. కంకర దింపబోతే ఆవిడ మెట్లకి అడ్డంగా నిలబడింది. పైన పురిటిగది ఉందిరా, పిల్లలయ్యాక రా అంది. వాడు నన్ను చూసి, బావా, పిట్టలకి కూడా పురుళ్లు పోస్తున్నావా, వాకిట్లో బోర్డు పెట్టించమంటావా అన్నాడు. ఇప్పుడు కాదంటే మళ్లీ వానలు వెళ్లాకే, వేసవంతా ఎండలోనే ఉతుక్కోవాలక్కా అన్నాడు. ఉతుక్కుంటాలేరా, తువ్వాలుంది అంది.

వాడు వెళ్లాక దొడ్లోకి చూశాను. తల మీద తడి తువ్వాలు వేసుకుని ఉతుకుతోంది. రెండేళ్లుగా అలాగే ఉతుకుతోంది కాబోలు. పొద్దున్నే ఉతకొచ్చుగా అన్నాను. నాకూ దొరికేది ఈ ఎండేనండి అంది.

షాపులోంచి టార్పాలిన్ తెచ్చి కట్టాను. ఆవిడైతే పారిపోలేదు.

ఏప్రిల్ 30

ఇంకా పిల్లలు కాలేదు. ఎన్ని రోజులకవుతాయో పుస్తకంలో లేదు. గుడ్లు నాలుగూ అలాగే ఉన్నాయి. ఉడికిన గుడ్డు కూడా పైకి అలాగే ఉంటుంది.

పన్నెండున్నరకి అది తడి పొట్టతో వచ్చి నిలబడింది. చుక్క జారింది. కెమెరా కిందే ఉంది. చూశాను.

మోటారు కట్టేశాను.

మే 4, పన్నెండు నలభై

ఎండ. టార్పాలిన్ తాడు బిగించాను. మోటారు వేసి కూర్చున్నాను.

ఆవిడ డాబా మీంచి సగం మెట్ల దాకా దిగొచ్చి నోటి మీద వేలు పెట్టింది. కెమెరా తీయబోతే తల అడ్డంగా ఊపింది. వేళ్లు చూపిస్తోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగో వేలు ఇంకా ఎత్తలేదు. మీరే వచ్చి చూడండి అని చేత్తోనే పిలుస్తోంది, కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు. పైన అప్పుడే ట్యాంకు పొంగుతున్న చప్పుడు. మోటారు