జాబితాలో లేని భాష

మార్చి 4, మంగళవారం

లెక్కల టీచరమ్మవి, జనాన్ని లెక్కపెట్టడం నీకో లెక్కా అన్నాడు మా ఆయన. జనగణనకి నాకిచ్చినవి నాలుగు వందల పన్నెండు ఇళ్ళు. ఎనిమిది టవర్లు. పదేళ్ళ కిందట ఇక్కడ రాళ్ళూ ముళ్ళకంపలే. ఇవాళ ముప్ఫై గడపలెక్కితే పద్నాలుగు భాషలు తగిలాయి. ఒకావిడ నన్ను వాటర్ ఫిల్టర్లు అమ్మేదాన్ననుకుంది. మోకాళ్ళు లాగేస్తున్నాయి.

మార్చి 6, గురువారం

మూడో టవర్, ఆరో అంతస్తు. ఇంటాయన నలుగురమే అన్నాడు. ఆయన వెనకాల ఐదో మనిషి చంటిదాన్ని భుజాన వేసుకుని తిరుగుతోంది. ఆయా మా ఇంటిమనిషి కాదు కదండీ అన్నాడు. ఈ ఇంట్లో పడుకునే వాళ్ళంతా లెక్కలోకి వస్తారన్నాను. మీటింగ్ ఉంది, తర్వాత రండి అని తలుపేశాడు.

సరే. వస్తాను.

మార్చి 7

వెళ్ళాను. తాళం.

మార్చి 8, శనివారం

మూడోసారి. ఈసారి ఇంటావిడ తీసింది, ఆయాని తనే పిలిచింది. వయసు యాభై దాటిందట, ఎంత దాటిందో తెలియదట. మాతృభాష ఏంటంటే ఇక్కడ అందరూ మాట్లాడేదే చెప్పింది. అది కాదు, మీ అమ్మ మీతో ఏం మాట్లాడేది అన్నాను. చంటిదాన్ని రెండో భుజానికి మార్చుకుంది. తర్వాత ఓ రెండక్షరాల మాట చెప్పింది.

ట్యాబ్‌లో అరవై రెండు భాషలున్నాయి. అది లేదు.

ఆ భాషలో తనకి బదులిచ్చే మనిషే తొమ్మిదేళ్ళుగా లేరట. చంటిదానితో మాత్రం మాట్లాడుతుందట.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే 'ఇతరం' నొక్కి ముందుకు పోండి మేడమ్ అన్నాడు. నొక్కితే కింద రాసుకోవడానికో గడి తెరుచుకుంది. ఆయా చేత మూడుసార్లు పలికించుకుని రాశాను. పోతాను ముందుకి, రాసే పోతాను.

మార్చి 12, బుధవారం

ఎనిమిదో టవర్ ఇంకా పూర్తి కాలేదు. కింద సెల్లార్‌లో పనివాళ్ళ గదులు. టైల్స్ మేస్త్రీ ఒకడు, పాతికేళ్ళుంటాయి. మాతృభాష అడిగాను.

అదే మాట.

ఆయా సంగతి నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పనని సంతకం పెట్టాను. ఇద్దరికీ మధ్య ఐదు నిమిషాల నడక. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, నేనేమో చెప్పకూడదు.

మార్చి 13

సంతకం పెట్టిన కాగితం తీసి మళ్ళీ చదివాను. రూల్ తప్పని అనను. నా ఇంటి సంగతులు ఎవరో ఊరంతా చాటితే నేను ఊరుకుంటానా? కానీ చెప్పనా అని ఆ మనిషినే అడగొద్దని ఎక్కడా రాయలేదు.

మార్చి 14, శుక్రవారం

బడి అయ్యాక ఆయా దగ్గరికే వెళ్ళాను. మీ భాషవాళ్ళెవరైనా తగిలితే మీ గురించి చెప్పనా అని అడిగాను. చెప్పమంది. ఆదివారం నాలుగింటికి చంటిదాన్ని తిప్పడానికి గేటు దగ్గరికి వస్తుందట.

అట్నుంచటే సెల్లార్‌కి వెళ్ళాను. ఆయా సంగతి చెప్పి గేటు దగ్గరికి రమ్మంటే మేస్త్రీ నమ్మలేదు. ఏం అంటగట్టడానికి వచ్చిందో అన్నట్టు చూశాడు. వస్తాననలేదు, రాననలేదు.

మార్చి 16, ఆదివారం

వచ్చాడు. తల దువ్వుకుని మరీ వచ్చాడు.

మొదట పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు. గంటన్నర. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇంటికి పోబుద్ధి కాలేదు.