కాలు చాపాలంటే

జూలై 4, శుక్రవారం
కట్టు విప్పారు. చూడకూడదనుకున్నాను. చూశాను. తొడ ముందువైపు నిండుగా ఉండాల్సిన చోట పల్లం. గడ్డతో పాటు ఆ కండంతా తీసేశారు. వెనకవైపు కండరాలు రెండు ముందుకు తిప్పి మోకాలి చిప్పకు కుట్టారు. ఇన్నాళ్ళూ మోకాలిని మడిచినవి ఇకమీదట చాపాలి. వాటికి ఆ సంగతి చెప్పాల్సింది నేనే.

జూలై 7
ఫిజియో కవిత వచ్చింది. "మేడమ్, సీధా కర్‌నా మత్ సోచియే. మోడ్‌నా సోచియే." చాపాలంటే మడవాలని అనుకోవాలట. మడమ వెనక్కి లాగుతున్నట్టు అనుకున్నాను. చెమట పట్టింది, అంతే. "ఫిర్ సే." ...మళ్ళీ. మంచం మీద కాలు, ఎవరో మర్చిపోయి వెళ్ళిన సామానులా.

జూలై 11
లేదు.

జూలై 13, ఆదివారం
మందిరానికి ఈయనొక్కరే వెళ్ళొచ్చారు. కాసేపటికి ఫోన్ — మన సంఘంలో నర్సు సునీత. "వందనాలు అక్కా. కాలు లేస్తోందంటగా, దేవునికి స్తోత్రం." ఎవరన్నారు? "అన్నే చెప్పారుగా, అందరి ముందూ."
అడిగితే చొక్కా మడతపెడుతూ — "విశ్వాసంతో చెప్పాను."
"లేవలేదుగా."
"లేస్తుంది. ముందే స్తోత్రం చెల్లిస్తే తప్పేంటి?"
వచ్చే ఆదివారం నా సాక్ష్యమట, దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పాలట. పాస్టరు అయ్యగారు ప్రకటించేశారు కూడా.
కోపం రావాలి. రాలేదు. అబద్ధం చెప్పేటంత ఆశ ఈ ఇంట్లో ఒకరికింకా ఉంది. నాకు లేదు.

జూలై 16
గురుగ్రామ్ దాకా వాన, ట్రాఫిక్. సర్జన్ నొక్కి చూశాడు. ఈపాటికి కొంచెమైనా కదలిక తెలియాలన్నాడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం... లేకపోతే కాలికి తొడిగిన ఈ బ్రేస్‌తోనే ఉండాలి. "చాలామంది బ్రేస్‌తోనే నడుస్తారు." ఎంతకాలం అని ఈయన అడగలేదు. నేనూ అడగలేదు.
ఇంటికొచ్చాక స్నేహ — "మమ్మా, రోబో లెగ్. కూల్ హై నా?" నవ్వాను. కూతురు నవ్వించాలని అంటే నవ్వకపోతే ఎలా. తర్వాత అది బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది.

జూలై 18
చాతకానిది నాకేనేమో. పుట్టినప్పటి నుంచీ కాలు చాపాలంటే చాపాలనే అనుకున్నాను — అసలు అనుకోను కూడా లేదు. ప్రార్థనా అంతే, కావలసింది అడిగేదాన్ని. ఇప్పుడు ఏది తలచుకుంటే ఏది జరుగుతుందో తెలియదు. అడగడం మానేశాను. ఈయనకు చెప్పలేదు.

జూలై 20, ఆదివారం
అందరూ మోకరించారు. నేను కుర్చీలో, బ్రేస్‌లో కాలు కర్రలా ముందుకు. మైకు నా దగ్గరికే తెచ్చారు. ఈయన తలెత్తలేదు.
"ఇంకా కదల్లేదండీ" అన్నాను. "కదులుతుందో లేదో తెలియదు."
ఇంకేదో చెప్పాలనుకున్నాను. మైకు తిరిగిచ్చేశాను. ఎవరో అలవాటు కొద్దీ ఆమేన్ అన్నారు. పాస్టరమ్మ గబగబా పాట ఎత్తుకున్నారు.
జనక్‌పురి వచ్చేదాకా క్యాబ్‌లో ఈయన ఫోనే చూసుకున్నారు. బ్రేస్ డోరుకు తగలకుండా మాత్రం పట్టుకునే ఉన్నారు.

జూలై 21
సాయంత్రం కరెంటు పోయింది. ఉక్క. ఈయన వచ్చి నేల మీద కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి, ఆ కుట్ల మీద చెయ్యి వేశారు.
"నిన్న నా పరువు తీశావు."
"తెలుసు."
"సరే. అనుకో."
"ఏమని?"
"మడవాలని. ఆ అమ్మాయి చెప్పింది అదేగా."
అనుకున్నాను. చిప్పకు కాస్త పైన... ఏదో. సన్నగా. నా కండరమో, ఆయన వేళ్ళ వణుకో. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. నేను కిటికీ వైపు తిరిగాను.

జూలై 22
మళ్ళీ చెయ్యి వెయ్యబోయారు. నిన్నటి కదలిక నాది కాదని తేలిపోతే? వద్దన్నాను.
"ఏం?"
"ఇవాళ వద్దు."