బుధవారం చెప్పులు

మార్చి 11, సోమవారం
విద్యార్థి సేవా విభాగం, మెట్ల కింది గది

చిరంజీవి వాలంటీరు అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వూ నీ పుస్తకాలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనూ, నా ఫైళ్ళూ, చల్లారిపోయిన టీ ఎప్పటిలాగే ఉన్నాం.

మన పరిచయమంతా కాగితాల మీదే. నువ్వు పొద్దున్నే నా గది బయటి పెట్టెలో రిపోర్టు పడేసి క్లాసుకు పరిగెడతావు, నేను ఉత్తరంలో జవాబు రాస్తాను. సేవకు వెళ్ళే ఇల్లు మార్చమంటూ నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ అందాయి. మూడింటికీ ఓపిక పట్టమనే రాశాను, అదేదో సర్వరోగ నివారిణి అయినట్టు!

నీ కష్టం నాకు తెలియక కాదు. ప్రతి బుధవారం మూడు నుంచి ఐదు దాకా ఆ మూడో అంతస్తు ఇంట్లో, చేతికర్రతో నడిచే పెద్దావిడకు తోడు కూర్చోవాలి. పేపరు చదివి వినిపించాలి, మాత్రలు గుర్తుచేయాలి. అంతవరకు బాగానే ఉంది. ఐదింటికి లేచేసరికి గుమ్మం దగ్గర నీ చెప్పులుండవు. ఇల్లంతా గాలించినా దొరకవు. ఆరున్నరకు ఆవిడ చెల్లెలు బయటి నుంచి వచ్చి, అయ్యో అక్కా మళ్ళీ దాచావా అంటూ బియ్యం డబ్బా వెనక నుంచి తీసిస్తుంది. పోనీ సంచిలో పెట్టుకుందామంటే, మట్టి లోపలికి వద్దమ్మా అని ఆ చెల్లెలే నీ చేతిలోంచి తీసుకుని గుమ్మం దగ్గర పెట్టిందట. ఒకరోజు వట్టి కాళ్ళతోనే బయల్దేరి, కింద రోడ్డు మీద పరిచిన కంకర చూసి వెనక్కి వచ్చావట.

ఐదున్నరకు నీ ల్యాబు. ఇప్పటికి నాలుగు పోయాయి. ఐదోది కూడా పోతే పరీక్షకు కూర్చోనివ్వనని మీ సారు తెగేసి చెప్పారని రాశావు.

వాలంటీర్లకు అండగా ఉండటమే మా పని. ఆ ముక్క గోడ మీద పెద్ద అక్షరాలతో నేనే రాయించాను. దాని కిందే కూర్చుని నీ ఉత్తరాలను సొరుగులోకి తోశాను. సిగ్గుగా ఉంది.

ఆ చెల్లెలి మీద నీకు కోపం లేదన్నావు. ఉండాల్సింది. రెండు గదుల ఇల్లు, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. పొద్దున ఉద్యోగం, మధ్యాహ్నం నుంచి అక్క. స్నానానికి వెళ్ళినా తలుపు అవతలి నుంచి పిలుపే. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఊపిరాడదు, నిజమే. దానికి నీ చదువు బలి కావాలా?

ఇల్లు మార్పు కాగితం మీద సంతకం పెట్టి దీనికి జతచేశాను. ఈ బుధవారం నుంచి పిల్లల గ్రంథాలయానికి వెళ్ళు. నాలుగున్నరకే వదిలేస్తారు. తప్పు నీది కాదు, మాదేనని మీ సారుకు కూడా రాశాను. ఆ ఇంటికి ఇక ఎవరినీ పంపడం లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే
సేవా విభాగం పర్యవేక్షకురాలు

తా.క. ఆ చెల్లెలు నేనే. మా ఇంటిని జాబితాలో నేనే చేర్చుకున్నాను. నేను వచ్చేదాకా నువ్వు అక్కను వదిలి వెళ్ళకుండా, నువ్వు లోపల పేపరు తెరిచేలోపు నేనే చెప్పులు దాచి మెట్లు దిగేదాన్ని. బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చేదాన్ని. సగంలో దిగితే ఐదింటికి ఇల్లు చేరొచ్చు. దిగబుద్ధయ్యేది కాదు.

అక్కకు తెలుసు. నీ ముందు నేను నింద వేసిన ప్రతిసారీ, అవును నేనే దాచాను అని తల దించుకునేది. నువ్వు వెళ్ళాక కూడా ఒక్క మాట అనేది కాదు. నా సంచిలో బస్సు టికెట్లు చూసిందేమో, నిన్న మాత్రం అడిగింది, కిటికీ పక్క సీటు దొరుకుతోందా అని.